ఉప్పుకోట నడిపే మనిషి

ప్రీతి తన చేతిసంచిలోంచి చిన్న మఖమలు సంచీ తీసి, మూతి విప్పి, చాప మీద బోర్లించింది. రంగురంగుల పాచికలు దొర్లాయి. ఎర్రది, పచ్చది, సముద్రపు రంగుది. ఒక్కోదానికి ఒక్కో లెక్కన ముఖాలు. ఒకటి గోపురంలా మొన తేలి ఉంది, ఇంకొకటి చెక్కిన రత్నంలా ఉంది. వాటిలో పెద్దది దొర్లుకుంటూ పోయి పుష్పవల్లి మోకాలికి తగిలి ఆగింది.

“అబ్బ! ఎంత బాగుండాయి మే!” అంది పుష్పవల్లి. దాన్ని రెండు వేళ్లతో ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టింది.

వాసంతి తన ఒళ్లో ఉన్న ఇత్తడి దాయకట్టలను మెల్లగా పైట కిందికి జరుపుకుంది. పొద్దున్నే వాటిని చింతపండు పెట్టి తోమింది. ప్రీతి సంచీ విప్పేదాకా అవి బంగారంలా మెరుస్తున్నాయనే అనుకుంది.

ఆదివారం ఏకాంబరం మిరపకాయల మండీకి సెలవు. మద్రాసు జార్జి టౌన్‌లోని ఆ సందులో తోపుడుబండ్లు చేతులెత్తినట్టు నిలబడి ఉంటాయి, వాటి నీడలో కూలీలు నిద్రపోతుంటారు. మండీ పైన మేడగది. భోజనాలయ్యాక ఏకాంబరం, ఆయన భార్య అలివేలుమంగ కునుకు తీస్తే ఆ గది పిల్లలది. పిల్లలంటే మరీ పిల్లలు కారు. కూతురు పుష్పవల్లి కాలేజీలో చదువుతోంది. కొడుకు విఘ్నేష్ పాలిటెక్నిక్కులో చేరాడు. అలివేలుమంగ అన్న కొడుకు శ్రీకుమార్ పెరంబూరు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో అప్రెంటిసు, ఆదివారం వస్తే చీకటి పడేముందు వెళ్లిపోతాడు.

వాసంతి ఏకాంబరానికి అక్క కూతురు. పళ్లిపట్టు అవతలి పల్లెలో తెలుగు బడిలో చదువుకుంది. టైపింగు నేర్చుకోవడానికి మేనమామ ఇంటికి వచ్చి, అత్తకు పనిలో చెయ్యి సాయమై, అలాగే ఉండిపోయింది. మాట తక్కువ. వారంలో ఆరు రోజులు ఆమె ఏమంటుందో అని ఆ ఇంట్లో ఎవరూ చెవి ఒగ్గరు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆమె గోడవారన పీట వేసుకుని కూర్చుని “సరే, నీళ్లు మోకాలిదాకా ఉన్నాయి” అందంటే చాలు, ముగ్గురూ మెడలు ముందుకు చాచేవాళ్లు.

అది వేషాల ఆట. ఆ ఇంటికి అది వచ్చిన తీరే చిత్రం. పొట్లాలకని ఏకాంబరం హార్బరు దగ్గర పాత కాగితాలు కట్టలుగా కొంటాడు. రెండేళ్ల కింద ఒక కట్టలో అట్టలేని ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది, ఏ ఓడలో ఎవరు చదివి పారేశారో. నిండా కత్తులు పట్టిన మనుషులు, రెక్కల జంతువులు, గుహల పటాలు. ముందు పేజీలు లేవు, చివరివీ లేవు. విఘ్నేష్ దాన్ని చింపబోతుంటే వాసంతి అడిగి తీసుకుంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో వాక్యాన్నీ ముడి విప్పినట్టు విప్పుకుంటూ పోయింది. చివరికి తేలిందేమిటంటే, ఇదొక ఆట. చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో వేషం కట్టాలి, నోటితోనే. ఒకరు మాత్రం ఏ వేషమూ లేకుండా ఆ లోకాన్ని నడపాలి. తలుపు వెనక ఏముందో చెప్పాలి, శత్రువుల తరఫున మాట్లాడాలి. వేషగాళ్లు తాము చేయబోయేది చెబితే, అది జరిగిందీ లేనిదీ పాచికలు తేలుస్తాయి.

చిక్కేమిటంటే, పాచికల సంగతి రాసిన పేజీలే పోయాయి. ‘పాచికలు వేయండి’ అని అడుగడుగునా ఉంది గానీ, ఎంత పడితే మంచిదో ఎక్కడా లేదు. ఆ ఖాళీని వాసంతి ఇంట్లో ఉన్న దాయకట్టలతో నింపింది. వేలెడు పొడుగున్న ఇత్తడి కడ్డీలు రెండు. ఒక్కోదానికి నాలుగు పక్కలు. ఒక పక్క ఖాళీ, తక్కిన వాటి మీద ఒకటి, రెండు, మూడు చుక్కలు. రెండూ దొర్లించినప్పుడు మొత్తం ఒక్క చుక్కే తేలితే అది దాయం. మామూలు ఆటలో దాయం పడనిదే కాయ గడిలోకి దిగదు. పడితే అలివేలుమంగ కూడా చప్పట్లు కొట్టి, ఇంకో పందెం వేసుకుంటుంది. అలాంటి ఒకటి చెడ్డది ఎలా అవుతుంది? వాసంతి పెట్టిన నియమం చాలా తేలిక. ఎంత పెద్ద పందెం పడితే అంత మంచిది. కానీ దాయం పడిందా, తలచింది జరిగి తీరుతుంది, పైగా ఇంకో పందెం.

పుస్తకంలోని మంచుకొండలూ రాతికోటలూ ఆమె కంటికి ఆనలేదు. అందుకని ఎన్నూరు ఉప్పుటేరు అడుగున ఒక పట్నాన్ని ముంచింది. దాని పేరు ఉప్పుకోట. పైనుంచి కరెంటు ఫ్యాక్టరీ బూడిద రాలుతూ ఉంటుంది, అడుగున బూడిదదొర ఏలుతూ ఉంటాడు. పుష్పవల్లి వేషం నీలవేణి, ముత్యాలు దొంగిలించే ఈతగత్తె. శ్రీకుమార్ ఇనుపరాజు, సమ్మెట పట్టిన వీరుడు. విఘ్నేష్ మందులయ్య అనే నాటువైద్యుడు, ఏ ఆదివారం చూసినా ముందుగా చచ్చేది అతనే. చచ్చినవాళ్లు ఊరికే కూర్చుని తక్కినవాళ్లకు సలహాలు ఇవ్వకూడదని వాసంతి ఒక కట్టుబాటు పెట్టింది. వాళ్లు ఆ పూటకు తన పక్కకు వచ్చి శత్రువులకు గొంతు ఇవ్వాలి. మొసలి గొంతు పెట్టడంలో విఘ్నేష్ బాగా ఆరితేరాడు.

ఈ సంగతులన్నీ శ్రీకుమార్ తన క్వార్టర్స్‌లో గొప్పగా చెప్పుకున్నాడు. పక్కింటి ప్రీతి విని, “అయ్యో, ఆ గేమ్ మా మామ దగ్గర ఉండాది” అందట. ఆమె మామ ఓడలో ఇంజినీరు. ఫుల్ బుక్కూ, పాచికలూ ఆయన సింగపూరులో కొన్నవి. అలా ఈ ఆదివారం ప్రీతి వచ్చింది. మెట్లెక్కుతూనే మిరప ఘాటుకు వరసగా తుమ్మింది, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య నవ్వింది. ఆ నవ్వుతోనే సగం ఇల్లు ఆమెదైపోయింది.

“దీనికి ఇరవై ముఖాలు,” అని ప్రీతి పెద్ద పాచికను పుష్పవల్లి చేతిలోంచి తీసుకుంది. “మెయిన్ ఇదే. ఏం చేయాలన్నా దీన్నే వేసేది. ఇరవై పడితే సూపర్. ఒకటి పడితే, అంతే, గోవిందా.”

“ఒకటి పడితే?” అని అడిగింది పుష్పవల్లి.

“ఫెయిల్. కత్తి ఎత్తినావనుకో, అది జారి నీ కాలి మీదే పడుతుంది.”

అందరికంటే ముందు విఘ్నేష్‌కు నవ్వు వచ్చింది.

“అంటే దాయం పడి నేను మొసలి కడుపు కోసుకుని బయటికి వచ్చిందంతా పొయ్యా? నేను ఆడనే అరిగిపోయుండాల!”

“బావ ఇనప తలుపు పగలగొట్టిందీ దాయంతోనే,” అంది పుష్పవల్లి.

“అయితే ఆ తలుపు నా నెత్తిన పడుండాల,” అన్నాడు శ్రీకుమార్, తల తడుముకుంటూ.

ముగ్గురూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. పుష్పవల్లి నవ్వుతూనే వాసంతి భుజం మీదికి వాలింది. “రెండేళ్లు తలకిందులుగా ఆడినామే వదినా!” ఆ మాటలో ఎగతాళి లేదు. ఉంటే వాసంతి తట్టుకునేది.

“మీరు అట్లా నవ్వకూడదు,” అంది ప్రీతి. “పేజీలు లేని బుక్కు పెట్టుకుని ఇంత చేసినారంటే అక్క రొంబ గ్రేట్.”

పలక మీద అక్షరాలు దిద్ది తెచ్చిన పిల్లను మెచ్చుకున్నట్టుంది ఆ మెప్పు. వాసంతి కూడా నవ్వింది. పెదాలు ఎంతదాకా సాగాలో లెక్క చూసుకుని నవ్వింది.

“వచ్చే ఆదివారం ప్రీతినే నడపమందాం,” అన్నాడు విఘ్నేష్. “కరెక్టు రూల్స్‌తో.”

పుష్పవల్లి వాసంతి మొహం చూసింది. “నువ్వూ ఒకసారి వేషం కట్టు వదినా. ఎప్పుడూ నడిపేదేనా? పావం.”

పావం. అన్నం వడ్డిస్తూ అత్త జాలిగా అనే మాట, టైపింగ్ క్లాసులో లేటయినప్పుడు పక్కసీటు అమ్మాయి అనే మాట. ఈ గదిలో, ఈ పీట మీద ఉండగా తనను ఎవరూ అనని మాట.

“సరే,” అంది వాసంతి.

ప్రీతి పోయేముందు ఆమె పక్కన చేరి, “కొత్త కథ ఎందుకు అక్కా, మీ ఉప్పుకోటే నడుపుతా. ఏముందో చెప్పండి” అంది. వాసంతి చెప్పింది. ముత్యాల సందు, ఉప్పు మేటల వెనక దారి, సుడిగుండం, గేటు కాపలా మొసళ్లు, అన్నీ చెప్పింది. బూడిదదొర దగ్గరికి వచ్చేసరికి మాత్రం, “వాడు చివర్లో ఉంటాడు, అంతే” అని ఊరుకుంది. రెండేళ్లుగా వాడిని ఎవరికీ చూపించలేదు. అంట్లు తోముతూ, ఉతికిన బట్టలు దండెం మీద వేస్తూ వాడి మాటలు ఒక్కొక్కటే కూడబెట్టుకుంది. వాటిని ప్రీతి చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు.

ఆ వారమంతా ఇల్లు ప్రీతి పేరుతో నిండిపోయింది. పుష్పవల్లి సబర్బన్ రైలెక్కి పెరంబూరు వెళ్లి నీలవేణికి కొత్త లెక్కలు కట్టించుకుని వచ్చింది. వచ్చేటప్పుడు గోళ్లకు రంగు వేయించుకుంది, మాటకు ముందు “యాక్చువల్గా” అనడం నేర్చుకుంది.

“యాక్చువల్గా వదినా, నీలవేణికి ఈతలో ఎక్కువ పాయింట్లు, మాటల్లో తక్కువ.”

“నీలవేణి మాటలకు మొసళ్లే దారిచ్చేవి గదా,” అంది వాసంతి.

“అది మన పాత ఆటలో.”

పాత ఆట. పోయిన ఆదివారం కొత్తగానే ఉన్నది ఇంతలో పాతదైపోయింది. ఆ ఏడే ఊరి పేరు మారింది. అంగళ్ల మీద మద్రాసు చెరిపి చెన్నై రాస్తున్నారు. బోర్డు మీద కొత్త పెయింటు కింద పాత అక్షరం లీలగా కనబడినట్టు తాను కనబడుతున్నానని వాసంతికి అనిపించింది. ప్రీతికి జ్వరం రావాలని కోరుకుంది. తర్వాత, జ్వరమెందుకు పాపం, గొంతు పోతే చాలని సవరించుకుంది. ఇలాంటివి దేవుడి ముందు నిలబడి అడగడం బాగుండదని వంటింట్లోనే అడిగింది.

ప్రీతికి జ్వరమూ రాలేదు, గొంతూ పోలేదు. ఆదివారం అందరికంటే ముందే వచ్చి పీట మీద కూర్చుంది. ఒడిలో పుస్తకం, ముందు పాచికలు. వాసంతి చాప మీద, తక్కినవాళ్ల వరసలో కూర్చుంది. కామాక్షవ్వ అనే పడవ నడిపే ముసలమ్మ వేషం కట్టింది. అంతకంటే పెద్ద వేషం అడగబుద్ధి కాలేదు.

ప్రీతి తడబడుతుందని ఆమె ఆశ. పేజీలు తిప్పుకుంటూ, అంకెలు వెతుక్కుంటూ అందరికీ విసుగు పుట్టిస్తుందని ఆశ. మొదట్లో అలాగే అయింది. ఇనుపరాజు ఒక మొసలిని కొట్టడానికే శ్రీకుమార్ రెండు వేళ్లు మడిచి కూడికలు చేయాల్సి వచ్చింది. కానీ కాసేపటికి ప్రీతి పుస్తకం మూసి పక్కన పెట్టింది.

“పుష్పా, నీ ముందర మొసలి నోరు తెరిచి ఉండాది. ఏం చేస్తావు?”

పుష్పవల్లి ఆలోచిస్తోంది. ప్రీతి ఏమీ అనలేదు. కదలకుండా, చిన్నగా నవ్వుతూ, అలాగే చూస్తూ ఉంది. పుష్పవల్లి గోరు కొరికింది, కిటికీ వైపు చూసింది. అయినా ప్రీతి మాట్లాడలేదు. చివరికి పుష్పవల్లి ఉన్నట్టుండి, “ముత్యాల మూట దాని నోట్లోకే విసిరేస్తా! అది మూసుకున్నాక పక్కనుంచి ఈదతా!” అని అరిచింది. తన ఆలోచనకు తానే మురిసిపోయింది.

ఆ చిన్న మౌనం వాసంతికి సూదిలా దిగింది. ఎవరైనా ఆలోచనలో పడితే ఆమె ఎన్నడూ అంతసేపు ఆగలేదు. “నీలవేణి ముత్యాలు వదులుకోలేదు, పక్కకు ఈదింది” అని తానే చెప్పేసేది. తన కథ నీళ్లలా సాగిపోతుందని గర్వపడేది. పుష్పవల్లి ఇలా అరవగలదని రెండేళ్లలో తెలియనే లేదు. ప్రీతి పాచికలు సింగపూరులో కొనుక్కోవచ్చు. ఈ ఓపిక ఎక్కడ కొనుక్కుంది?

ఆట సుడిగుండం దగ్గరికి వచ్చింది. దాని అవతల బూడిదదొర గేటు. పడవ కామాక్షవ్వది కనక పాచిక వాసంతి వేయాలి.

“పదికి పైన పడితే చాలు అక్కా,” అంది ప్రీతి. “తక్కువ పడితే ఒకవైపు ఒరుగుతుంది, ఇంకో చాన్సు ఉంటుంది.”

వాసంతి ఇరవై ముఖాల పాచికను మొదటిసారి చేతిలోకి తీసుకుంది. ఇత్తడి బరువు లేదు దానికి, తేలిగ్గా, వక్కపలుకులా ఉంది. వేసింది. అది చాప అంచుదాకా దొర్లి నిలబడింది.

ఒకటి.

“దాయం!” అని ముగ్గురూ ఒక్క గొంతుతో అరిచారు. పుష్పవల్లి చప్పట్లు కొట్టింది. “దాటేసినాం! ఇంకో పందెం వదినా, వెయ్యి వెయ్యి!”

అరిచాకగానీ గుర్తురాలేదు వాళ్లకు. ఒకరి మొహాలొకరు చూసుకుని ప్రీతి వైపు తిరిగారు.

“అది... ఒకటి గదా,” అంది ప్రీతి. “పడవ పోతుంది. మనిషి కూడా.”

“దాయానికి పడవ పోవడమేంది?” అన్నాడు విఘ్నేష్. “ఈ ఇంట్లో దాయం పడితే మా అమ్మ నిద్రలో కూడా చెయ్యి చాపుతుంది, ఇంకో పందెమని.”

“రూలు రూలే గదరా,” అన్నాడు శ్రీకుమార్.

“నీ తలుపు పగిలినప్పుడు ఏమైంది బావా ఆ రూలు?”

“నువ్వు చెప్పు వదినా,” అంది పుష్పవల్లి, వాసంతి చెయ్యి పట్టుకుని. “దాయమా, కాదా?”

వారం తర్వాత మొదటిసారి అందరి కళ్లూ తన మీద ఉన్నాయి. ప్రీతి చెవులు ఎర్రబడ్డాయి. పీట మీద ఒంటరిగా, పరాయి ఇంట్లో తప్పు మాట అన్నట్టు కూర్చుంది. వాసంతికి కడుపులో చల్లగా ఉంది. తానేమీ అననక్కర్లేదు. ప్రీతి ‘కాదు’ అంటే చాలు, ఆ ఒక్క మాటతో వీళ్లంతా ఉప్పుకోటను మళ్లీ తన ఒళ్లో పెడతారు. అను, కాదను, అని లోలోపల బతిమాలుకుంది.

ప్రీతి పాచిక వైపు ఒకసారి, అందరి వైపు ఒకసారి చూసింది. తర్వాత మొహమంతా విప్పారింది.

“సరి! మీది రొంబ బాగుండాది. ఇంక మీద నా ఆటలో కూడా ఒకటి పడితే దాయమే. ఇంకో పందెం. వాసంతక్క రూల్ అని పేరు పెట్టేద్దాం.”

“సూపర్!” అన్నాడు విఘ్నేష్. పుష్పవల్లి లేచి పోయి ప్రీతి మెడ చుట్టూ చేతులు వేసింది.

నా ఆటలో, అంది. వాసంతికి ఇంకేమీ వినబడలేదు. కోట పోయింది, పీట పోయింది, పోనీ తప్పయినా తనదిగా మిగిలిందనుకుంది. దాన్ని కూడా ఎంత ప్రేమగా ఎత్తుకుపోయింది! ఈమెను తిట్టడానికి ఒక్క కారణమైనా దొరకనివ్వదు గదా.

“వద్దు,” అంది వాసంతి.

గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. పుష్పవల్లి చేతులు దించింది.

“బుక్కు బుక్కే. ఒకటి పడింది. పడవ మునిగింది, కామాక్షవ్వ చచ్చిపోయింది.”

“అయ్యో అక్కా, వద్దు, నేనే ఒప్పుకుంటా ఉండా గదా,” అంది ప్రీతి.

“నేను ఒప్పుకోను.”

శ్రీకుమార్ తల ఊపాడు. “అదీ, న్యాయమంటే వాసంతిదే.” ప్రీతి కళ్లు తడిగా మెరిశాయి. “ఎంత పెద్ద మనసు అక్కా మీది,” అంది. వాసంతికి ఆ పీటను లాగి ఆమెను కింద పడేయాలనిపించింది.

“ఇంకేం, రా వదినా,” అన్నాడు విఘ్నేష్, ప్రీతి పక్కన చాప తడుతూ. “చచ్చినోళ్ల చోటు. ఎన్ని ఆదివారాలు కూర్చున్నానో ఆడ. ప్రీతీ, మా ఇంట్లో చచ్చినోళ్లే శత్రువులకి మాట్లాడాల.”

“అట్లా కూడా ఉండాదా? బాగుంది,” అంది ప్రీతి. వాసంతి వచ్చి కూర్చోవడానికి కొంచెం జరిగింది. “అయితే బూడిదదొరకి మీరే మాట్లాడండి అక్కా. పెద్దగా ఏం లేదు. ‘ఎవురు మీరు’ అని అడిగి కొట్టేస్తాడు, అంతే.”

నీలవేణి, ఇనుపరాజు, మందులయ్య మునిగిన పడవను వదిలి ఈదుకుంటూ గేటు చేరారు. ప్రీతి తలుపు తెరిచింది. లోపల చీకటి అంది, వేడి అంది. తర్వాత వాసంతికి సైగ చేసింది.

వాసంతి ‘ఎవరు మీరు’ అని అడగలేదు. గొంతు బాగా తగ్గించింది. దాదాపు గుసగుసలా.

“నీలవేణీ. జుట్టు బరువెక్కింది గదా?”

పుష్పవల్లి చెయ్యి తనకు తెలియకుండానే జడ మీదికి పోయింది.

“పైనుంచి రాలేది నేనే. మీ అమ్మ ఆరేసిన చీర మీద పడేది నేను. నీ కంచంలో అన్నం మీద పడేది నేను. పుట్టినప్పటినుంచీ నన్ను తింటానే ఉండావు. ఇప్పుడు నన్ను చంపేదానికి వచ్చినావా? చంపు. నీలో యాడనుంచి మొదలు పెడతావు?”

విఘ్నేష్ నవ్వబోయి ఆగిపోయాడు. శ్రీకుమార్ కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు.

“అదంతా లేదు, నేను... నేను ముత్యాల కోసం వచ్చినా,” అంది పుష్పవల్లి, చిన్న గొంతుతో.

“తెలుసు. మెరిసేది యాడుంటే నువ్వు ఆడ ఉంటావు.” బూడిదదొర గొంతు ఇంకా మెత్తబడింది. “చీకట్లో నీకు చెయ్యి పట్టుకుని దారి చూపించినోళ్లు ఒకరు ఉండిరి. వాళ్ల పేరు చెప్పు, తలుపు తీస్తా. గుర్తుండాదా?”

అది అంట్లు తోముతూ కూడబెట్టిన మాట కాదు. ఎక్కడినుంచి వచ్చిందో వాసంతికి తెలుసు. పుష్పవల్లి ఆమె కళ్లలోకి చూస్తోంది, భయంగానో, ఇంకెలానో.

“కామాక్షవ్వ,” అంది పుష్పవల్లి. “కామాక్షవ్వ తెచ్చింది నన్ను ఈడికి. పడవలో.”

“పడవ యాడ?”

“మునిగిపోయింది.”

“వెనక్కి తిరిగి చూసినావా?”

ఇనుపరాజు ముందుకొచ్చి సమ్మెట ఇస్తానన్నాడు, మందులయ్య తన మందులన్నీ ఇస్తానన్నాడు. బూడిదదొర ఒక్కొక్కరితో బేరమాడాడు. ముగ్గురూ వాసంతి మొహం మీంచి కళ్లు తిప్పడం లేదు.

“ఇప్పుడు కొడతాడు,” అంది ప్రీతి. పాచిక వేసింది. “పద్నాలుగు! ఇనుపరాజుకి తగిలింది.”

ఎవరూ ఆ పాచిక వైపు చూడలేదు. “ఆగు మే, దొర ఏందో అంటా ఉండాడు,” అన్నాడు శ్రీకుమార్.

ప్రీతి పుస్తకం తెరిచింది. గబగబా పేజీలు తిప్పింది. “అక్కా, బుక్కులో ఈ టైపు వాళ్లకి ఇన్ని మాటలు ఉండవు.”

“బుక్కులో బూడిదదొరే లేడు గదా ప్రీతీ,” అన్నాడు విఘ్నేష్. “ఆయన వదిన మనిషి.”

ప్రీతి నవ్వింది. పెదాలు ఎంతదాకా సాగాలో లెక్క చూసుకున్న నవ్వు. వాసంతి పక్కనే ఉంది కనక బాగా కనబడింది. పేజీ అంచును నలుపుతున్న బొటనవేలు కూడా కనబడింది. ప్రీతికి లోపల ఎక్కడ మంటగా ఉందో, ఇంటికి పోయాక అది ఎక్కడెక్కడికి పాకుతుందో, వంటింట్లో నిలబడి ఏం కోరుకుంటుందో, అన్నీ వాసంతికి తెలుసు. ఇక్కడ ఆపేస్తే చాలు. ‘దొర మాటలు అయిపోయినాయి, ప్రీతీ నువ్వు నడుపు’ అంటే చాలు.

వాసంతి ఆపలేదు. మందులయ్యకు వాడు చంపిన రోగుల పేర్లన్నీ ఒక్కొక్కటే చదివి వినిపించింది. విఘ్నేష్ చెవులు మూసుకుని గోల పెట్టేదాకా చదివింది.

కింద అలివేలుమంగ లేచి కాఫీకి పిలిచేసరికి, తలుపు ఇంకా సగమే తెరుచుకుని ఉంది.

“వచ్చే ఆదివారం ఎవురు నడిపేది?” అని అడిగింది పుష్పవల్లి.

“నేను,” అన్నారు ఇద్దరూ, ఒక్కసారే.

అందరూ నవ్వారు, ఆ ఇద్దరు తప్ప. శ్రీకుమార్ తీర్పు చెప్పినట్టు చెయ్యెత్తాడు. “ఇద్దరూ నడపండి. పాచికలూ రూల్సూ ప్రీతివి, ఉప్పుకోటా మాటలూ వాసంతివి. మాకేం, రెండు పక్కలా భయపడతాం.”

“మంచిదే,” అంది ప్రీతి.

“మంచిదే,” అంది వాసంతి.

సగానికి సగం వచ్చింది. పోయిన వారం ఏమీ లేదు, ఇప్పుడు సగముంది. అయినా ఆ సగాన్ని చూసుకుని సంతోషపడడానికి బదులు ఆమె మనసు అవతలి సగాన్నే చూస్తోంది.

శ్రీకుమార్‌నూ ప్రీతినీ బస్సెక్కించడానికి వాసంతి సందు చివరిదాకా వెళ్లింది. అతను ముందు నడిచి వేరుసెనక్కాయల బండి దగ్గర ఆగాడు. ఆడవాళ్లిద్దరే మిగిలారు.

“అక్కా,” అంది ప్రీతి, మఖమలు సంచీ తాడు వేలికి చుట్టుకుంటూ. “బూడిదదొర ఇంకా ఏమేం చెబుతాడో నాకు ముందే చెప్పేస్తే బాగుంటుంది. నేను రెడీగా ఉండాల గదా.”

“చెప్తాలే,” అంది వాసంతి. చెప్పదని ఇద్దరికీ తెలుసు.

బస్సు దూరంగా మలుపు తిరుగుతోంది. వాసంతి అడగకూడదనుకుంటూనే అడిగేసింది. “‘ఏం చేస్తావు’ అని అడిగి ఊరికే ఉండిపోతావే, ఎదుటోళ్లు చెప్పేదాకా. అది యాడ నేర్చుకున్నావు?”

ప్రీతి ఆమె వైపు చూసింది. ఈసారి నవ్వు నిజమైనదే, లోపల కొంచెం పదును కూడా ఉంది.

“అదా? అది సుమ్మా, ఊరికే అట్లా వచ్చేస్తుంది అక్కా,” అంది.

శ్రీకుమార్ పొట్లంతో పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ బస్సెక్కారు. ప్రీతి కిటికీలోంచి చెయ్యి ఊపింది, వాసంతి కూడా ఊపింది. బస్సు కనబడకుండా పోయాక సందులోకి తిరిగింది. కూలీలు నిద్రలేచి మొహాలు కడుక్కుంటున్నారు. ఎవరూ లేని ఒక తోపుడుబండి దగ్గర ఆమె ఆగింది. అటూ ఇటూ చూసి, “ఏం చేస్తావు?” అని మెల్లగా అడిగింది. వెంటనే ఏదో చెప్పేయాలని నాలుక కొసకు వచ్చింది. పెదాలు బిగించుకుని, కదలకుండా నిలబడింది.